బోస్నియా సమాఖ్య: తరచుగా అడిగే ప్రశ్నలు

సమాఖ్య అనగానే మనకు కేంద్రం, రాష్ట్రాలు, నదీజలాల వాటా, పన్నుల పంపకం గుర్తొస్తాయి. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్న జనాన్ని ఒకే దేశంలో నిలిపి ఉంచడానికి అదే ఏర్పాటును వాడితే ఏమవుతుంది? డిగ్రీ తరగతుల్లో ఈ పాఠానికి నేను ప్రతి ఏడూ బోస్నియా–హెర్జెగొవీనాను ఉదాహరణగా తీసుకుంటాను. పిల్లలు మారుతున్నారు కానీ సందేహాలు మారడం లేదు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. వరుసగా చదవనక్కర్లేదు, మీ సందేహం ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

## పాఠం మొదట్లో అడిగేవి

బోస్నియా ఎక్కడుంది? ఎంత దేశం?

ఆగ్నేయ ఐరోపాలో, క్రొయేషియాకూ సెర్బియాకూ మధ్యన ఉంది. 1992 దాకా యుగోస్లావియాలో ఒక రిపబ్లిక్. విస్తీర్ణం 51 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే తెలంగాణలో సగం కూడా లేదు. 2013 జనాభా లెక్కల్లో 35 లక్షల మంది తేలారు. 2011 లెక్కల్లో ఒక్క హైదరాబాద్ జిల్లా జనాభాయే 39 లక్షలు. ఈ కొలత గుర్తుంచుకుంటే అక్కడి ప్రభుత్వాల సంఖ్య విన్నప్పుడు మీరు ఎందుకు ఉలిక్కిపడాలో అర్థమవుతుంది.

బోస్నియాక్ అన్నా బోస్నియన్ అన్నా ఒకటేనా?

కాదు. ఆ దేశంలో పుట్టినవారు ఎవరైనా బోస్నియన్లే. బోస్నియాక్ అంటే ఆ దేశంలోని ఒక జాతి, సంప్రదాయంగా ముస్లింలు. మిగతా రెండు పెద్ద జాతులు సెర్బ్‌లు (ఆర్థడాక్స్ క్రైస్తవులు), క్రొయేట్‌లు (కాథలిక్కులు). పరీక్షల్లో ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇది మతయుద్ధమా, భాషల తగాదానా?

ప్రార్థనా పద్ధతి గురించి ఎవరూ తుపాకీ పట్టలేదు. భాష గురించి అసలే కాదు. ముగ్గురూ మాట్లాడేది ఒకరికొకరికి పూర్తిగా అర్థమయ్యే భాషే, దానికి ఇప్పుడు మూడు అధికారిక పేర్లున్నాయి. అక్కడి సిగరెట్టు పెట్టె మీద ‘పొగతాగడం ప్రాణాంతకం’ అనే హెచ్చరిక మూడుసార్లు అచ్చవుతుంది. రెండు వరుసలు లాటిన్ లిపిలో, అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. మూడోది అదే మాట, కాకపోతే సిరిలిక్ (రష్యన్ రాసే తరహా) లిపిలో. తరగతిలో ఆ పెట్టె బొమ్మ చూపిస్తే చాలు, సగం పాఠం అయిపోతుంది.

అసలు తగాదా యుగోస్లావియా విడిపోతున్నప్పుడు ఎవరు ఏ దేశంలో అల్పసంఖ్యాకులుగా మిగిలిపోతారన్న దాని మీద. 1991లో బోస్నియాలో బోస్నియాక్‌లు 43 శాతం దాటారు, సెర్బ్‌లు 31, క్రొయేట్‌లు 17. ఎవరికీ సగం లేదు. ఇంకో ఐదు శాతం పైగా జనం తమ జాతి ‘యుగోస్లావ్’ అని రాయించుకున్నారు. యుద్ధం తర్వాత వాళ్లను లెక్కపెట్టే గడే లేకుండా పోయింది.

యుద్ధం ఎప్పుడు జరిగింది? ఎంత నష్టం?

స్వాతంత్ర్యంపై 1992 ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సెర్బ్‌లు చాలావరకు బహిష్కరించారు. ఏప్రిల్‌లో యుద్ధం మొదలై 1995 చివరిదాకా సాగింది. దాదాపు లక్ష మంది చనిపోయారు, 20 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు. రాజధాని సరాయెవో 1,425 రోజులు ముట్టడిలో ఉంది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో 8 వేల మందికి పైగా బోస్నియాక్ పురుషులను, మగపిల్లలను చంపారు. అంతర్జాతీయ న్యాయస్థానాలు దాన్ని జాతిహననంగా నిర్ధారించాయి.

## డేటన్ ఒప్పందం గురించి

అంత గొడవ పడే బదులు దేశాన్ని మూడు ముక్కలు చేస్తే పోయేది కదా?

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. యుద్ధానికి ముందటి పటం చూడండి. మూడు జాతుల ఊళ్లు మూడు రంగుల చుక్కల చీరలా కలగలిసి ఉండేవి. పట్టణాల్లోనైతే ఒకే అపార్ట్‌మెంటులో, చాలాసార్లు ఒకే ఇంట్లో. ఎక్కడ గీత గీసినా లక్షల మంది తప్పు వైపున పడతారు.

అయితే ఇందులో ఒక చేదు నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1995 నాటికి జనాన్ని తరిమి, చంపి, ఆ చుక్కలను చాలావరకు చెరిపేశారు. విభజిస్తే ఆ పని చేసినవారికి బహుమతి ఇచ్చినట్టవుతుందన్నారు. కానీ విభజించకుండానే గీసిన అంతర్గత సరిహద్దు కూడా చాలాచోట్ల యుద్ధం ఆగిన రేఖనే అనుసరించింది.

డేటన్ ఒప్పందం ఎవరెవరి మధ్య జరిగింది?

యుద్ధం ఆపడానికి 1995 నవంబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ దగ్గరి వైమానిక స్థావరంలో మూడు వారాల పాటు చర్చలు జరిగాయి. బోస్నియా తరఫున ఇజెత్‌బెగోవిచ్, సెర్బియా నుంచి మిలోసెవిచ్, క్రొయేషియా నుంచి తుజ్మన్ కూర్చున్నారు, ముగ్గురూ అధ్యక్షులే. బోస్నియా సెర్బ్‌ల తరఫున మాట్లాడిందీ మిలోసెవిచే. డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి.

దేశ రాజ్యాంగం ఆ ఒప్పందానికి నాలుగో అనుబంధం. రాసింది ఇంగ్లీషులో. దాన్ని ప్రజల ఓటుకు పెట్టలేదు. మన రాజ్యాంగ సభ దాదాపు మూడేళ్లు కూర్చుందని చదివినవారికి ఇది వింతగానే ఉంటుంది.

దేశమూ సమాఖ్యే, అందులో ఒక భాగం పేరూ ‘ఫెడరేషన్’ అంటారు. ఏది ఏది?

గందరగోళం మీ తప్పు కాదు, పేర్లే అలా పెట్టారు. దేశం పేరు ఉత్త ‘బోస్నియా–హెర్జెగొవీనా’. సమాఖ్య అన్న మాట ఆ పేరులో లేదు, కానీ నడిచే తీరు అదే. దాని కింద రెండు ఎంటిటీలు ఉన్నాయి. మన రాష్ట్రాల్లాంటివే అనుకోండి, కాకపోతే బలం చాలా ఎక్కువ. ఒకటి ‘బోస్నియా–హెర్జెగొవీనా ఫెడరేషన్’, 51 శాతం భూమి, ప్రధానంగా బోస్నియాక్‌లు, క్రొయేట్‌లు. ఆ ఇద్దరి మధ్య యుద్ధం ఆపడానికి 1994లో వాషింగ్టన్‌లో కుదిరిన ఏర్పాటు అది. రెండోది ‘రిపబ్లికా స్రప్‌స్కా’, 49 శాతం, ప్రధానంగా సెర్బ్‌లు. ఫెడరేషన్ మళ్లీ 10 కాంటన్లుగా, అంటే సొంత ప్రభుత్వాలున్న చిన్న ప్రాంతాలుగా విడిపోయింది, స్రప్‌స్కాలో కాంటన్లు లేవు. ఈ రెండింటిలో ఏ ఒక్కదాని పాలనలోనూ లేకుండా ఈశాన్యంలో బర్చ్‌కో అనే స్వయంపాలిత జిల్లా విడిగా ఉంది.

శాంతి వచ్చింది సమాఖ్య వల్లేనా, నాటో సైన్యం వల్లా?

మొదటి రోజుల్లో నిస్సందేహంగా సైన్యం వల్లే. 60 వేల మంది దిగారు. మూడు పక్షాలూ అలసిపోయి ఉన్నాయి. కానీ సైన్యం వెళ్లేనాటికి నిలబడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ‘నీ అనుమతి లేకుండా నీ మీద పెత్తనం చెయ్యం’ అనే హామీ లేకపోతే సెర్బ్ నాయకత్వం సంతకం పెట్టేది కాదు, క్రొయేట్‌లూ పెట్టేవారు కాదు. ఆ హామీయే ఈ సమాఖ్య. సైన్యం సంఖ్య ఏటికేడు తగ్గి కొన్ని వేలకు, ఒక దశలో అంతకన్నా తక్కువకు పడిపోయినా యుద్ధం తిరిగి రాలేదు. ఈ మార్కు డేటన్‌కు వేయాల్సిందే.

## రోజువారీ పాలన గురించి

నిజంగా ముగ్గురు అధ్యక్షులా?

ఒకే అధ్యక్ష మండలి, అందులో ముగ్గురు సభ్యులు. ఒక బోస్నియాక్, ఒక క్రొయేట్, ఒక సెర్బ్. నాలుగేళ్ల పదవీకాలంలో ఎనిమిది నెలలకొకరు చొప్పున మండలి అధ్యక్షత చేతులు మారుతుంది.

చిక్కు ఎన్నిక దగ్గర ఉంది. ఫెడరేషన్‌లోని ఓటరు బోస్నియాక్ అభ్యర్థికి వేయవచ్చు లేదా క్రొయేట్ అభ్యర్థికి వేయవచ్చు. ఎవరు ఏ జాతి అని ఓటరును అడగరు. బోస్నియాక్‌ల సంఖ్య ఎక్కువ కాబట్టి వాళ్లు తలచుకుంటే క్రొయేట్ సభ్యుణ్నీ నిర్ణయించగలరు. జెల్కో కోమ్‌సిచ్ 2006 నుంచి పలుమార్లు అలాగే గెలిచారని క్రొయేట్ పార్టీల ఫిర్యాదు. తాను పౌరులందరి ప్రతినిధినని ఆయన జవాబు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఆ తగాదా తెగదు.

ఇంత చిన్న దేశానికి ఎన్ని ప్రభుత్వాలు?

దేశానికి ఒకటి, ఎంటిటీలకు రెండు, కాంటన్లకు పది, బర్చ్‌కోకు ఒకటి. మొత్తం 14. బర్చ్‌కోలో మేయర్ ఉంటారు కాబట్టి ప్రధానమంత్రి హోదా ఉన్నవారు 13 మంది. గొరాజ్‌దే పట్టణం చుట్టూ ఉన్న కాంటన్‌లో 2013 లెక్కల ప్రకారం 24 వేల మంది కూడా లేరు. మన దగ్గర అది ఒక పెద్ద మేజర్ పంచాయతీ. అక్కడ దానికి సొంత శాసనసభ, ప్రధానమంత్రి, విద్యామంత్రి, పోలీసు విభాగం ఉన్నాయి.

నవ్వొస్తుంది నిజమే. అయితే ఆ ఊరు యుద్ధంలో మూడేళ్లు ముట్టడిలో బతికింది. తమ బడి, తమ పోలీసు తమ చేతిలోనే ఉండాలని వాళ్లు పట్టుబట్టడం నాకు వింతగా అనిపించదు.

కేంద్రం చేతిలో ఏముంటుంది?

విదేశాంగం, విదేశీ వాణిజ్యం, కస్టమ్స్, ద్రవ్య విధానం, వలసలు, ఇంకా కొన్ని. రాజ్యాంగంలో స్పష్టంగా రాయనివన్నీ ఎంటిటీలవే. మన దగ్గర శేషాధికారాలు కేంద్రానివి, అక్కడ పూర్తిగా తలకిందులు. మొదట్లో సైన్యాలు కూడా వేర్వేరుగానే ఉండేవి. 2006 నుంచి ఒకే సైన్యం అయింది. అదే ఏడాది 17 శాతం వ్యాట్ దేశమంతటికీ ఒకటిగా వచ్చింది. కరెన్సీకి పేరు ‘కన్వర్టిబుల్ మార్క్’. తొలి ఆరేళ్లు కేంద్ర బ్యాంకు గవర్నరు ఆ దేశ పౌరుడు కాకూడదని రాజ్యాంగమే చెప్పింది, అందుకే ఎక్కువకాలం ఆ కుర్చీలో న్యూజిలాండ్ దేశస్థుడు కూర్చున్నారు.

వీటో ఎవరికి ఉంది? ఎలా పనిచేస్తుంది?

రెండు రకాలు. దిగువ సభలో 42 మంది, అందులో 28 మంది ఫెడరేషన్ నుంచి, 14 మంది స్రప్‌స్కా నుంచి. బిల్లు మెజారిటీతో నెగ్గినా, ఏ ఎంటిటీ సభ్యుల్లోనైనా మూడింట రెండు వంతుల మంది వ్యతిరేకిస్తే పడిపోతుంది. అంటే స్రప్‌స్కాకు చెందిన 10 మంది చాలు. ఇది భూభాగానికి ఉన్న వీటో.

ఎగువ సభలో జాతికి ఐదుగురు చొప్పున 15 మంది. ఫలానా బిల్లు ‘మా జాతి కీలక ప్రయోజనాలకు’ దెబ్బ అని ఐదుగురిలో ముగ్గురు అంటే అది నిలిచిపోతుంది. రాజీ కుదరకపోతే విషయం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్తుంది. ఆ న్యాయస్థానంలోని తొమ్మిది మందిలో ముగ్గురు విదేశీయులు. ఇది జాతికి ఉన్న వీటో.

జనం రెండోదాని గురించే మాట్లాడతారు, పేరు గంభీరంగా ఉంటుంది కాబట్టి. చట్టాలను నిజంగా ఎక్కువగా ఆపేది మొదటిది. దానికి కారణం చెప్పనక్కర్లేదు, చెయ్యి ఎత్తితే చాలు.

వీటో వల్ల సామాన్యులకు ఏం నష్టం? అది నాయకుల గొడవే కదా?

2013లో ఏం జరిగిందో చూడండి. ప్రతి పౌరుడికీ పుట్టగానే 13 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తారు. అందులో కొన్ని అంకెలు నమోదు ప్రాంతాన్ని సూచిస్తాయి. ఆ ప్రాంతాలను ఎంటిటీ సరిహద్దు ప్రకారమే విడదీయాలని స్రప్‌స్కా ప్రతినిధులు, కూడదని ఇతరులు. న్యాయస్థానం పాత నిబంధన కొట్టేసింది, కొత్తది పార్లమెంటులో కుదరలేదు. ఫిబ్రవరి నుంచి పుట్టిన పిల్లలకు సంఖ్యే లేదు. సంఖ్య లేకపోతే పాస్‌పోర్టు లేదు.

మూడు నెలల పాపను చికిత్సకు విదేశం తీసుకెళ్లాలి, కాగితాలు లేవు. జూన్‌లో తల్లులు పిల్లల బళ్లు తోసుకుంటూ సరాయెవోలో పార్లమెంటు ముందుకు వచ్చారు. వేల మంది చేతులు పట్టుకుని భవనం చుట్టూ గొలుసు కట్టారు. లోపలి ఎంపీలు రాత్రిదాకా బయటికి రాలేకపోయారు. ఆ పాప వెళ్లగలిగింది. పాస్‌పోర్టు లేక ప్రయాణం ఆలస్యమైన మరో పసిబిడ్డ అదే నెలలో బెల్‌గ్రేడ్‌లో చనిపోయింది. తగాదా అంతా అంకెలు ఏ గీత ప్రకారం వేయాలన్న దాని మీద.

బడిలో పిల్లలను నిజంగా విడదీస్తారా?

ఫెడరేషన్‌లోని కొన్ని కాంటన్లలో విడదీస్తారు. ‘ఒకే కప్పు కింద రెండు బడులు’ అని దానికి పేరు. భవనం ఒకటే. బోస్నియాక్ పిల్లలకు ఒక పాఠ్యప్రణాళిక, క్రొయేట్ పిల్లలకు మరొకటి. కొన్నిచోట్ల ద్వారాలు వేరు, కొన్నిచోట్ల వేళలు వేరు. ఇళ్లు వదిలిన కుటుంబాలు తిరిగి వస్తున్నప్పుడు తాత్కాలికమని మొదలుపెట్టారు. విద్య కాంటన్ల చేతిలో ఉండటంతో అలాగే నిలిచిపోయింది.

యాయ్‌త్సే పట్టణంలో 2016లో మరో ప్రత్యేక బడి పెట్టబోతే హైస్కూలు పిల్లలే వీధిలోకొచ్చి ‘మమ్మల్ని విడదీయకండి’ అన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఈ దేశం గురించి నేను చెప్పే పాఠంలో పిల్లలు తలెత్తి వినే భాగం ఇదొక్కటే.

## ఎక్కడ ఇరుక్కుంది

బయటి దేశాల అధికారి చట్టాలు చేస్తాడట, నిజమేనా?

నిజమే. డేటన్ అమలును పర్యవేక్షించే ఆ పదవి పేరు ఉన్నత ప్రతినిధి. 1997 డిసెంబరులో బాన్ నగరంలో జరిగిన సమావేశం తర్వాత ఆయనకు చట్టాలను విధించే, ఎన్నికైన వారిని కూడా తొలగించే అధికారం వచ్చింది. దేశ జెండా అలా విధించిందే. జాతీయగీతానికి బాణీ ఉంది, మాటలు లేవు.

మంచి జరగలేదని కాదు. 1998 దాకా కారు నంబరు ప్లేటు చూస్తే ఎవరు ఏ ప్రాంతమో తెలిసిపోయేది. జనం అవతలి వైపు వెళ్లడానికి భయపడేవారు. అప్పుడు లాటిన్, సిరిలిక్ లిపులు రెండింటిలోనూ ఒకేలా ఉండే ఎ, ఇ, జె, కె, ఎం, ఓ, టి అక్షరాలతో మాత్రమే కొత్త ప్లేట్లు తెప్పించారు. ఎవరు ఎక్కడివారో తెలియదు. రాకపోకలు ఒక్కసారిగా పెరిగాయి. నా దృష్టిలో డేటన్ తర్వాత జరిగిన పనులన్నింటిలో తెలివైనది ఇదే.

కానీ కష్టమైన నిర్ణయం ఎలాగూ విదేశీయుడు తీసుకుంటాడని తెలిశాక స్థానిక నాయకుడు రాజీ పడి ఓట్లు ఎందుకు పోగొట్టుకుంటాడు?

అన్ని ఎన్నికలు జరుగుతున్నా అవే పార్టీలు ఎందుకు గెలుస్తాయి?

‘అవతలివాళ్లు గంపగుత్తగా వాళ్ల పార్టీకే వేస్తారు, మనం చీలితే మునుగుతాం’ అన్న భయం మూడు వైపులా ఒకేలా పనిచేస్తుంది. పైగా ఒక జాతి నాయకుడికి ఇంకో జాతి ఓటు చాలావరకు అక్కర్లేదు, చాలాచోట్ల దొరకదు కూడా. కాబట్టి మెత్తగా మాట్లాడితే లాభం లేదు, గట్టిగా అరిస్తే ఉంది. దీనికి ఉద్యోగాలు తోడు. 14 ప్రభుత్వాలంటే ఎన్ని కొలువులు, ఎన్ని సిఫార్సులో ఊహించుకోండి.

డేటన్ మీద నా అసలు అభ్యంతరం ఇదే. అధికారాన్ని పంచినందుకు కాదు. ప్రతి ఒక్కరికీ అడ్డుకునే హక్కు ఇచ్చింది, కలిసి పనిచేస్తే ఎవరికీ ఏమీ దక్కకుండా చేసింది.

ఈ మూడు జాతులకూ చెందనివారి సంగతి?

రాజ్యాంగం వారిని ‘ఇతరులు’ అంటుంది. రోమా జాతికి చెందిన దెర్వో సెయ్‌దిచ్‌కు, యూదుడైన యాకోబ్ ఫిన్చీకి అధ్యక్ష మండలికీ ఎగువ సభకూ పోటీ చేయడానికి అర్హత లేదు. ఇద్దరూ ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2009 డిసెంబరు 22న వాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చింది. రాజ్యాంగం మాత్రం మారలేదు. మారాలంటే ఆ నిబంధనల వల్లే పదవుల్లో ఉన్నవారు ఓటు వేయాలి.

స్రప్‌స్కా విడిపోతుందా?

దాని నాయకుడు మిలోరాద్ దోదిక్ ఏళ్ల తరబడి ఆ బెదిరింపు చేస్తూనే ఉన్నారు. ఉన్నత ప్రతినిధి నిర్ణయాలను ధిక్కరించినందుకు 2025 ఫిబ్రవరిలో ఆయనకు ఏడాది జైలు, ఆరేళ్ల రాజకీయ నిషేధం పడ్డాయి. ఆగస్టులో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది, ఎంటిటీ అధ్యక్ష పదవి పోయింది. భౌగోళికంగా చూస్తే స్రప్‌స్కా రెండు ముక్కలు, వాటిని కలిపే మెడ బర్చ్‌కో దగ్గర ఉంది. అది ఏ ఒక్క ఎంటిటీ అధీనంలోనూ ఉండదని మధ్యవర్తులు 1999లోనే తేల్చారు. పటం ముందు పెట్టుకుంటే విడిపోవడం ప్రసంగంలో ఉన్నంత తేలిక కాదని తెలుస్తుంది.

## మనకు తగిలే ప్రశ్నలు

తెలంగాణ విభజనతో పోల్చవచ్చా?

యుద్ధంతో పోల్చకూడదు. సమాఖ్య నియమాలను పోల్చవచ్చు. మన రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం పార్లమెంటు సాధారణ మెజారిటీతో రాష్ట్ర సరిహద్దులు మార్చగలదు. 2014 జనవరిలో ఉమ్మడి శాసనసభ బిల్లును తిరస్కరించినా విభజన ఆగలేదు. బోస్నియాలో ఎంటిటీ గీతను కేంద్రం వేలితో కూడా తాకడానికి వీల్లేదు.

దగ్గరగా ఉండేది 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నారు. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు, అడిగే నాథుడూ లేడు. డేటన్‌లో ప్రతి హామీకీ ఒక తాళం వేశారు. మనవాళ్లు మాట మీద వదిలేశారు. రెండు అతులు పక్కపక్కన పెట్టి చదివితే సమాఖ్య పాఠం బాగా ఎక్కుతుంది.

నేపాల్ కూడా అంతర్యుద్ధం తర్వాత సమాఖ్య అయింది కదా, అక్కడ ఇలా ఎందుకు కాలేదు?

2015 రాజ్యాంగంతో నేపాల్ ఏడు ప్రదేశాలు (అంటే రాష్ట్రాలు), 753 స్థానిక ప్రభుత్వాలు పెట్టుకుంది. జాతి ప్రాతిపదికన గీతలు గీయాలా వద్దా అన్నది అక్కడా పెద్ద గొడవే. దక్షిణ మైదానమైన తరాయి ప్రాంతంలో, అక్కడివారైన మధేసీల ఆందోళనలో రక్తం చిందింది. చివరికి ప్రదేశాలకు ముందు అంకెలు మాత్రమే పెట్టి, పేర్లు వాటి శాసనసభలకే వదిలేశారు. ఒకటో నంబరు ప్రదేశానికి ‘కోశీ’ అన్న పేరు 2023లో గానీ రాలేదు. జాతికి వీటో లేదు. కాబట్టి బోస్నియాలాగా స్తంభించదు. కానీ మధేసీల వంటివారు తమకు తగినంత దక్కలేదని ఇప్పటికీ అంటున్నారు.

పరీక్షకు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నాలుగో అనుబంధం నుంచే. పన్నెండు అధికరణలు, ఒక పూటలో అయిపోతుంది. ఐదో అధికరణ మొదటి వాక్యం దగ్గర ఆగండి. అధ్యక్ష మండలిలో ఫెడరేషన్ భూభాగం నుంచి ఎన్నికైన ఒక బోస్నియాక్, ఒక క్రొయేట్, స్రప్‌స్కా భూభాగం నుంచి ఎన్నికైన ఒక సెర్బ్ ఉంటారని అందులో ఉంటుంది. ఒక కాగితం తీసుకుని, ఈ వాక్యం ప్రకారం పోటీ చేయలేనివారి జాబితా రాయండి. ఫెడరేషన్‌లోని సరాయెవోలో ఉండే సెర్బ్, స్రప్‌స్కాలోని బన్యా లూకాలో ఉండే బోస్నియాక్, అక్కడే ఉండే క్రొయేట్, రోమాలు, యూదులు, తల్లిదీ తండ్రిదీ వేర్వేరు జాతి కావడంతో ఏదీ చెప్పుకోవడానికి ఇష్టపడనివారు. నా తరగతిలో ఒకమ్మాయి ఈ జాబితా చివర ‘1991లో యుగోస్లావ్ అని రాయించుకున్నవాళ్లు’ అని చేర్చింది.